సముద్రం ఎక్కడ ఉంది, నానాజాన్?

2023 జూలైలో, హజ్ దినాలు ముగిసి ముహర్రం మాసం ప్రవేశించిన రోజుల్లో, నేను సందర్శక వీసాపై జిద్దా వెళ్లాను. నా పెద్ద కుమార్తె, అల్లుడు, వారి ముగ్గురు పిల్లలు అక్కడ నివసిస్తున్నారు. అల్లుడు ఉపాధి కోసం ఆ నగరానికి వెళ్లి ఎనిమిదేళ్లు దాటింది. భార్యాపిల్లలను తీసుకువెళ్లి మాత్రం అప్పటికి పదకొండు నెలలే అయింది. పాఠశాలకు వేసవి సెలవులు కావడంతో పిల్లలు ఇంట్లోనే ఉన్నారు.

నేను చేరిన మరునాడు జుహర్ నమాజు అనంతరం ఎనిమిదేళ్ల మనవడు తన పాఠ్యపుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు. "జిద్దా ఎర్ర సముద్రపు ఒడ్డున ఉన్న రేవు పట్టణమని ఇందులో రాశారు. ఆ సముద్రం ఎక్కడ ఉంది, నానాజాన్? మీరు చూశారా?" అని అడిగాడు.

విమానం దిగుతున్నప్పుడు కిటికీలోంచి నేను ఆ సముద్రాన్ని చూశాను. పదకొండు నెలలుగా అదే నగరంలో ఉంటున్న ఈ పసివాడు మాత్రం చూడలేదు. అజీజియాలోని ఆ ఇంటి నుంచి సముద్రతీరం ఏడెనిమిది కిలోమీటర్లకు మించదు.

నేనేమీ జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మన పాతబస్తీలో గల్ఫ్‌తో సంబంధం లేని వీధి లేదు. షా అలీ బండా నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏ గడప తొక్కినా జిద్దాలోనో, రియాద్‌లోనో, దుబాయిలోనో, దోహాలోనో ఆ ఇంటివారు ఒకరైనా ఉంటారు. అందుచేత ఇది ఒక ఇంటి సంగతి మాత్రమే కాదు.

లెక్కల పుస్తకం

అల్లుడు సోమరి కాడు, పిల్లలపై ప్రేమ లేనివాడూ కాడు. అతడు ఒకప్పుడు నా వద్దనే చదువుకున్న విద్యార్థి. ఇప్పటికీ నన్ను 'హజ్రత్' అనే పిలుస్తాడు. ఒక గిడ్డంగిలో లెక్కలు చూసే ఉద్యోగం. ఉదయం ఏడు గంటలకు బయలుదేరితే ఇల్లు చేరేది రాత్రి తొమ్మిదికి. సౌదీ ప్రభుత్వ కార్యాలయాలకు 2013 నుంచి శుక్ర, శనివారాలు సెలవులే అయినా, అతడి వంటి ప్రైవేటు ఉద్యోగులు చాలామందికి దక్కేది ఒక్క శుక్రవారమే. ఆ రోజు జుముఆ వరకు నిద్ర, సాయంత్రం వారానికి సరిపడా సరుకులు. నా కుమార్తెకు కారు నడపడం రాదు. ఎండకు భయపడి కిటికీల తెరలు పగలంతా వేసే ఉంచుతారు. పిల్లలు రెండు గదుల మధ్య, ఒకే ఫోను కోసం పోట్లాడుకుంటూ పొద్దుపుచ్చుతున్నారు.

ఆ రాత్రి నేను సముద్రం మాట ఎత్తాను. అతడు మౌనంగా లేచి ఒక పుస్తకం తెచ్చి నా చేతికిచ్చాడు. అందులో ప్రతి నెల ఖర్చూ రాసి ఉంది. ఇంటి అద్దె, పాఠశాల రుసుము, కరెంటు. ఆ తర్వాత కుటుంబసభ్యుల పేరిట ప్రభుత్వానికి కట్టవలసిన రుసుము. 2017 జూలైలో ఈ రుసుము ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లతో మొదలైంది. ఏటా నూరేసి పెరిగి 2020 జూలై నాటికి 400 రియాళ్లకు చేరింది. భార్య, ముగ్గురు పిల్లలు అంటే నెలకు 1,600, సంవత్సరానికి 19,200 రియాళ్లు. ఈ భారం మోయలేకనే ఎన్నో కుటుంబాలు ఆ సంవత్సరాల్లో సామాను సర్దుకుని హైదరాబాదుకు తిరిగి వచ్చాయి. అతడు కూడా ఆ భయంతోనే ఏళ్ల తరబడి ఒంటరిగా గడిపాడు.

దాని కింద 'ఇండియా' అనే శీర్షిక ఉంది. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు. అన్న కుమారుడి కాలేజీ రుసుము. మేనమామ ఇంటి పైకప్పు మరమ్మతు. ఆ వరుసలో ఒక పంక్తి దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. నా భార్య కంటి శస్త్రచికిత్సకు పంపిన 1,500 రియాళ్లు అక్కడ నమోదై ఉన్నాయి. ఆ డబ్బు నేను అడగలేదు. అతడు పంపినప్పుడు వద్దనీ అనలేదు. ఆపరేషన్‌కు కావలసిన సొమ్ము మా ఇంట్లోనే ఉంది. అల్లుడు గల్ఫ్‌లో ఉన్నాడు కదా అనుకుని పుచ్చుకున్నాను.

"హజ్రత్, వచ్చే సంవత్సరం అప్పు తీరుతుంది. అప్పుడు తిప్పుతాను" అన్నాడతను. కాసేపాగి మరో మాట చెప్పాడు. "ఒకసారి ఆఫీసువాళ్లతో సముద్రం ఒడ్డుకు వెళ్లి ఫోటో పెట్టాను. ఆ వారంలోనే ఊరి నుంచి ఇద్దరు ఫోన్ చేసి డబ్బు సర్దమన్నారు. షికార్లకు ఉన్నది మాకు లేదా అన్నారు. అప్పటి నుంచి నాకు బయటికి వెళ్లాలంటేనే సిగ్గుగా ఉంటుంది."

పాఠకులారా! పరదేశంలో ఉన్న మన బిడ్డ తన పిల్లలను సముద్రం చూపించడానికి సిగ్గుపడుతున్నాడంటే, ఆ సిగ్గులో ఇక్కడ ఉన్న మన వంతు ఎంతో మనం ఆలోచించుకోవాలి.

నా కుమార్తె చెప్పిన మాట

వంటగదిలో ఈ సంభాషణ వింటున్న నా కుమార్తె మరునాడు నాతో నవ్వుతూనే అంది: "అబ్బా, మీరు మమ్మల్ని గండిపేటకు ఒకే ఒక్కసారి తీసుకువెళ్లారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మీ ఖిచిడీ, ఖీమా, ఖట్టా డబ్బాల్లో కట్టింది. మీరు చెరువు కట్ట మీద నిలబడి, 1908లో మూసీకి వచ్చిన వరద కథ చెప్పారు. ఆ వరద తర్వాతనే ఈ చెరువు తవ్వించారని చెప్పారు. ఇప్పటికీ నాకు ప్రతి మాటా జ్ఞాపకమే."

ముప్పై సంవత్సరాలుగా నేను పరాయి పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నా సొంత పిల్లలకు మాత్రం వేసవి వస్తే 'వచ్చే ఏడు చూద్దాం' అని చెప్పేవాణ్ణి. గండిపేట ప్రయాణానికి ఆ రోజు ఖర్చయింది బస్సు చార్జీలే. తీసుకువెళ్లకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, అది ముఖ్యమైన పని అని నాకు తోచకపోవడమే.

మహనీయ ముహమ్మద్ ప్రవక్త (స) జీవితాన్ని చదివి బోధించేవాడికి ఇది తోచకపోవడం నిజంగా విచారకరం. హజ్రత్ అనస్ (ర) చిన్న తమ్ముడు ఒక పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోతే, దైవప్రవక్త (స) ఆ పసివాడిని పలకరించి, పిట్ట సంగతి అడిగి మరీ ఓదార్చారు. ప్రయాణంలో ఉండగా హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారు. తనకు పది మంది సంతానం ఉన్నా ఎవరినీ ముద్దాడలేదని ఒకాయన గొప్పగా చెప్పుకుంటే, కరుణ చూపనివారికి కరుణ లభించదని హెచ్చరించారు. శరీరానికి హక్కు ఉంది, ఇంటివారికి హక్కు ఉంది, ఎవరి హక్కు వారికి చెల్లించాలన్నది హజ్రత్ సల్మాన్ (ర) చెప్పగా ప్రవక్త (స) ధ్రువీకరించిన విషయం. దైవమార్గంలో, బానిస విముక్తికి, పేదలకు, ఇంటివారికి వెచ్చించే సొమ్ములలో ఇంటివారిపై వెచ్చించినదానికే అత్యధిక పుణ్యమని కూడా హదీసు తెలుపుతోంది.

దుబారా నిషిద్ధమే. అయితే దివ్యఖుర్ఆన్ ఫుర్ఖాన్ సూరాలో కరుణామయుని దాసుల లక్షణాన్ని చెబుతూ దుబారాతో పాటు పిసినారితనాన్ని కూడా కాదన్నది. ఆ రెండింటికీ నడుమ ఉన్న మార్గమే వారిది. ఆ మధ్యేమార్గం ఎంత చవకైనదో మేము ఆ నెలలో చేసిన మూడు ప్రయాణాలు తెలియజేస్తాయి.

మొదటిది: ఫజ్ర్ వేళ సముద్రతీరం

జిద్దా వేసవిలో పగటి వేడి నలభై డిగ్రీలను అంటుతుంది. సాయంత్రాలు ఉక్కపోత. కుటుంబాలు సాధారణంగా ఇషా తర్వాత తీరానికి వస్తాయి. అప్పుడు రద్దీ ఎక్కువ, కారు నిలపడానికి చోటు దొరకదు. మేము వేరే వేళను ఎంచుకున్నాం. శుక్రవారం తెల్లవారుజామున ఇంటి నుంచి బయలుదేరి, సముద్రంలో స్తంభాలపై నిర్మించిన రహ్మా మసీదులో ఫజ్ర్ నమాజు చేశాం. మహిళలకు అక్కడ వేరుగా స్థలం ఉంది.

నమాజు చేసి బయటికి వచ్చేసరికి వెలుతురు పరుచుకుంటోంది. మనవడు మెట్ల దగ్గర నిలబడిపోయాడు. "ఇదంతానా?" అన్నాడు. ఆరేళ్ల మనవరాలు నీటిలో వేలు ముంచి నాలుకకు తాకించుకుని, "నిజంగా ఉప్పగానే ఉంది!" అని అరిచింది. రెండేళ్ల చిన్నవాడు అలను చూసి ఏడ్చాడు. తరువాత దానిని వదిలి రానని ఏడ్చాడు.

అక్కడి తీరం వెంట పిల్లల ఆటస్థలాలు, నడకబాటలు, కూర్చునే చోట్లు ఉన్నాయి. ప్రవేశ రుసుము లేదు. ఈతకు అనుమతి ఉన్న చోటే నీటిలో దిగాలి. మిగతా చోట్ల ఒడ్డునే ఉండాలి. నా కుమార్తె ఇంటి నుంచి ఖిచిడీ, ఖట్టా, ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది. ఎండ ముదిరేలోపు ఇల్లు చేరి, స్నానం చేసి, జుముఆకు వెళ్లాం. పెట్రోలు, నీళ్ల సీసాలు కలిపి ఖర్చు పదిహేను రియాళ్లు.

మరో రాత్రి ఇషా తర్వాత రాజు ఫహద్ ఫౌంటెన్‌ను చూపించాం. 1985 నుంచి పనిచేస్తున్న ఈ ఫౌంటెన్ ఎర్ర సముద్రపు నీటినే 260 మీటర్లకు పైగా ఎగజిమ్ముతుంది. ఢిల్లీలోని కుతుబ్ మీనార్ ఎత్తు 73 మీటర్లు. దానిపై దాన్ని, దానిపై మరొకటి నిలబెట్టి, పైన ఇంకో సగం పెట్టినా నీటి కొసే పైన ఉంటుందని మనవడికి లెక్క కట్టి చూపించాను. దూరం నుంచి చూడడానికి పైసా అక్కర లేదు.

రెండవది: పాతబస్తీ నుంచి పాతబస్తీకి

జిద్దాకూ ఒక పాతబస్తీ ఉంది. దానిని అల్-బలద్ అంటారు. హజ్రత్ ఉస్మాన్ (ర) పాలనలో క్రీ.శ. 647లో జిద్దాను మక్కాకు రేవుగా నిర్ణయించారు. అప్పటి నుంచి ఓడలపై వచ్చిన యాత్రికులు ఇక్కడే దిగి మక్కాకు సాగారు. 2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. సముద్రపు పగడపు రాళ్లతో కట్టిన ఎత్తైన ఇళ్లు, వాటికి ముందుకు పొడుచుకు వచ్చిన చెక్క జాలీల కిటికీలు ఉంటాయి. 'రవాషీన్' అనబడే ఆ కిటికీలు లోపలికి గాలిని రానిస్తాయి, లోపలివారిని బయటికి కనబడనివ్వవు. మన పాత దేవిడీలలో జాలీలు చూసినవారికి అవి పరాయివిగా తోచవు.

అక్కడ నసీఫ్ గృహం ముందు ఒక పెద్ద చెట్టు ఉంది. ఒకప్పుడు పాత జిద్దా మొత్తానికి అదొక్కటే చెట్టు కావడంతో ఆ ఇంటిని 'చెట్టున్న ఇల్లు' అని పిలిచేవారట. 1925లో రాజు అబ్దుల్ అజీజ్ జిద్దాలో ప్రవేశించినప్పుడు బస చేసింది ఆ ఇంటిలోనే. నా కుమార్తె ఆ చెట్టు ఆకును చూసి ఆశ్చర్యపోయింది. "అబ్బా, ఇది వేపచెట్టు కదా!" అంది. నిజమే, వేపచెట్టే. పిల్లలు ఆ నీడలో నిలబడి రాలిన ఆకులు ఏరుకున్నారు.

మా తాతగారు బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు వచ్చారు. వారం రోజులకు పైగా నీటిపై ప్రయాణించి దిగింది ఈ రేవులోనే. భారతదేశం నుంచి ఓడ ద్వారా హజ్ ప్రయాణాలు 1995లో ఆగిపోయాయి. "మీ ముత్తాతకు తాత ఈ నగరంలో నడిచారు" అని నేను చెప్పబోతుండగా మనవడు వేళ్లు మడిచి లెక్కవేసి, "ముత్తాతకు తాత కాదు నానాజాన్, మీ తాత అంటే అమ్మీకి ముత్తాత" అని సరిదిద్దాడు. ఆ క్షణం నుంచి అతడు ఆ నగరంలో పరాయివాడిలా నడవలేదు. ఇంటికి వెళ్లాక తోటి పిల్లలకు, "మావాళ్లు ఎప్పుడో ఇక్కడికి వచ్చారు" అని చెప్పడం విన్నాను.

అల్-బలద్‌లో సాయంత్రం నడకకు ఖర్చు ముప్పై రియాళ్లు. అందులో సగం పిల్లల ఐస్‌క్రీములది. అదే కుటుంబం ఒక మాల్‌కు వెళ్లి, ఆటల గదిలో టికెట్లు కొని, అక్కడే భోజనం చేస్తే మూడు వందల రియాళ్లు మిగలవని అల్లుడే చెప్పాడు.

మూడవది: తాయిఫ్ కొండలు

సౌదీలో వేసవి విడిదిగా పేరుబడిన పట్టణం తాయిఫ్. సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల అక్కడి రాత్రులు జిద్దాతో పోలిస్తే ఎంతో చల్లగా ఉంటాయి. జిద్దా నుంచి మక్కా మీదుగా సుమారు 170 కిలోమీటర్లు. అల్-హదా కొండదారి మెలికలు తిరుగుతూ పైకి సాగుతుంది. తాయిఫ్ గులాబీలు ప్రసిద్ధమైనవి, అయితే వాటి కోత మార్చి, ఏప్రిల్‌లోనే ముగుస్తుంది. వేసవిలో వెళ్లేవారికి దొరికేవి ద్రాక్ష, దానిమ్మ.

ఫజ్ర్ చేసుకుని బయలుదేరాం. కొండదారిలో బబూన్ కోతుల గుంపులు రోడ్డు పక్కన కూర్చుని ఉంటాయి. వాటికి తిండి వేయరాదు, కిటికీ అద్దాలు దించరాదు. పిల్లలకు అద్దం వెనుక నుంచి చూడడమే పండుగ. పైన తీగమార్గం ఉంది గానీ ఐదారు మందికి టికెట్లు కొనడం మా లెక్కలో లేదు. దాని డబ్బాలు లోయ మీదుగా పోవడం కింద నుంచే చూశాం. మహావిద్వాంసులైన ప్రవక్త సహచరులు హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె అబ్బాస్ (ర) పేరిట ఉన్న మసీదులో జుముఆ చేశాం. రుద్దఫ్ ఉద్యానవనంలో పెద్ద బండరాళ్ల నీడన దస్తర్‌ఖాన్ పరిచి భోజనం చేశాం.

అక్కడ ద్రాక్షపళ్లు పిల్లల ముందు పెట్టి, ఆ నేలపై జరిగిన సంగతి చెప్పాను. హజ్రత్ ఖదీజా (ర), అబూ తాలిబ్ గతించిన తరువాత దైవప్రవక్త (స) హజ్రత్ జైద్ (ర)ను వెంటబెట్టుకుని తాయిఫ్ వచ్చారు. పట్టణ పెద్దలు ఎగతాళి చేశారు. అల్లరిమూకలు రాళ్లు రువ్వి పాదాలు రక్తసిక్తం చేశారు. ఒక ద్రాక్షతోటలో ఆశ్రయం తీసుకోగా, నీనెవా వాస్తవ్యుడైన అద్దాస్ అనే సేవకుడు ఒక పళ్లెంలో ద్రాక్షగుత్తి తెచ్చి ఇచ్చాడు. ఆ పట్టణాన్ని కొండల మధ్య నలిపివేయడానికి దైవదూత అనుమతి కోరితే, ప్రవక్త (స) వద్దన్నారు. వీరి సంతానంలోనైనా అల్లాహ్‌ను ఆరాధించేవారు పుడతారని ఆశించారు.

ఈ కథ నేను మద్రసాలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చేతిలోని ద్రాక్షపండును నోట్లో పెట్టుకోకుండా ఒక పిల్లవాడు నా కథ వినడం మాత్రం అదే మొదటిసారి. కొండలను చూపిస్తూ, "ఈ కొండలేనా?" అని అడిగాడు. తాయిఫ్ పరిసరాల్లోనే బనూ సఅద్ తెగవారి నేల ఉందనీ, పసితనంలో ప్రవక్త (స) హలీమా ఒడిలో పెరిగింది అక్కడేననీ చెప్పినప్పుడు మనవరాలు, "అయితే ఆయన కూడా చిన్నప్పుడు ఇంటికి దూరంగా ఉన్నారా?" అంది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లకు ఆ మాట ఎక్కడ తాకిందో మీరే ఊహించండి.

తిరుగు ప్రయాణంలో పెద్దలం ఉమ్రా సంకల్పం చేసుకున్నాం. తాయిఫ్ వైపు నుంచి ఉమ్రా కోసం వచ్చేవారు ఆ వైపు మీఖాత్‌లోనే ఇహ్రాం ధరించాలి. హదా దారిలో వాదీ మహ్రం, మరో దారిలో సైల్ అల్-కబీర్ ఉన్నాయి. జిద్దాలోని ఇంటికి చేరాక ధరిద్దాం అనుకోవడం సరికాదు. ఉమ్రా అనుమతిని ముందుగానే నుసుక్ యాప్‌లో తీసుకోవాలి. ఇషా తర్వాత తవాఫ్, సయీ పూర్తిచేశాం. చిన్నవాడు నా భుజంపైనే నిద్రపోయాడు. అర్ధరాత్రి దాటాక జిద్దా చేరాం.

ఆ వేసవిలో 91 రకం పెట్రోలు లీటరు 2.18 రియాళ్లు. రానుపోను, ఊళ్లో తిరుగుడు కలిపి నాలుగు వందల కిలోమీటర్లు. లీటరుకు పన్నెండు కిలోమీటర్ల లెక్కన 33 లీటర్లు, అంటే 72 రియాళ్లు. పండ్లు 25, రొట్టెలు, నీళ్లు 20. మొత్తం 117 రియాళ్లు. ఒక కుటుంబసభ్యుడి పేరిట ఆ ఇంటివారు కట్టే నెల రుసుములో ఇది మూడవ వంతు కూడా కాదు.

దూరం వెళ్లగలిగినవారికి

సెలవు రెండు రోజులు దొరికితే మదీనా మునవ్వరాకు మించిన ప్రయాణం లేదు. 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు మక్కా, జిద్దా, మదీనాలను 450 కిలోమీటర్ల మార్గంతో కలుపుతూ గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. ఇంటిల్లిపాదికీ టికెట్లు భారమైతే బస్సో, కారో చవక. మస్జిదె నబవీ, ఖుబా, ఉహుద్‌లతో పాటు పాత హిజాజ్ రైల్వే స్టేషన్‌లోని మ్యూజియంను పిల్లలకు తప్పక చూపించండి. డమాస్కస్ నుంచి 1908లో మదీనా చేరిన ఆ రైలు మార్గానికి భారతదేశ ముస్లిములు కూడా విరాళాలు పంపారు. దక్షిణాన అబహా కొండలు మరింత చల్లన, జూలై, ఆగస్టులలో వానలూ పడతాయి. కానీ జిద్దా నుంచి అది ఆరు వందల కిలోమీటర్లకు పైమాటే. చిన్నపిల్లలున్నవారు ఒక్క రోజు సెలవుతో సాహసించకూడదు.

ఇతర నగరాల్లో ఉన్నవారికీ ఇదే సూత్రం. దుబాయిలో వాగు దాటించే సాధారణ 'అబ్రా' పడవకు ఒక దిర్హం ఇస్తే చాలు. దోహాలో ఇస్లామీ కళల మ్యూజియం పక్కన సముద్రాన్ని ఆనుకుని ఉద్యానవనం ఉంది. మన హైదరాబాదీలు అధికంగా ఉన్న షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున నగరంవారి ఇసుక తీరాలకు రుసుము లేదు. పట్టణ గ్రంథాలయాలూ ఉచితమే.

కొన్ని జాగ్రత్తలు

1. ఎండ వేళ, ఉదయం పది నుంచి అసర్ వరకు పిల్లలతో బయట తిరగవద్దు. ఫజ్ర్ తర్వాత లేదా ఇషా తర్వాత వెళ్లండి.

2. ఒక్క నిమిషానికైనా సరే, పిల్లలను మూసిన కారులో వదలవద్దు. ఆ వేడిలో కారు లోపలి గాలి నిమిషాల్లోనే ప్రాణాంతకమవుతుంది.

3. అనుకున్న దానికి రెట్టింపు నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోండి.

4. ఇఖామా కార్డులు మరువవద్దు. హజ్ రోజుల్లో అనుమతి లేనిదే జిద్దా నివాసులకు కూడా మక్కా ప్రవేశం ఉండదు. ఆ రోజుల్లో ఆ మార్గంలో ప్రయాణం పెట్టుకోవద్దు.

5. తాయిఫ్, మదీనా ప్రయాణాల్లో ఖస్ర్ నమాజు వర్తిస్తుంది. పిల్లలతో చేయించండి. పుస్తకంలో చదివిన మస్అలా అక్కడ చేతల్లో నేర్చుకుంటారు.

6. రెండు కుటుంబాలు కలిసి వెళితే వంట పని, ఖర్చు సగమవుతాయి. తల్లులకు మాట్లాడుకునే తోడు దొరుకుతుంది. పరాయి నగరంలో వారికీ సెలవు అవసరమే.

ఇక్కడ ఉన్నవారికి ఒక మనవి

నేను బయలుదేరే ముందు రాత్రి ఆ లెక్కల పుస్తకం మళ్లీ తెప్పించాను. నా ఇంటి పేరిట ఉన్న 1,500 రియాళ్లను విడతల వారీగా తిరిగి ఇస్తానని చెప్పాను. అల్లుడు ఒప్పుకోలేదు. ఎంతో వాదించాక ఒక షరతుపై మేమిద్దరం రాజీ పడ్డాం. ఆ సొమ్ము ఇండియాకు కాదు, పిల్లల ప్రయాణాలకు. నెలకు 100 రియాళ్లు. 'ఇండియా' శీర్షికకు పైన 'పిల్లలు' అనే పంక్తిని నా ఎదుటే రాశాడు. ఫోటోలు పెట్టాలా వద్దా అని అడిగితే, "పెట్టు, ఎవరైనా డబ్బు అడిగితే నా నంబరు ఇవ్వు" అన్నాను.

అమ్మీలారా, అబ్బాలారా, అన్నలారా! అక్కడి నుంచి డబ్బు వచ్చినప్పుడు దుఆ చేస్తాం. మంచిదే. కానీ తరువాతి జాబితా పంపే ముందు, 'పిల్లలను ఈ నెల ఎక్కడికి తీసుకువెళ్లావు?' అని ఒక్కసారి అడగండి. మనం అడిగితే అది అతడికి అనుమతి అవుతుంది.

పాతబస్తీకి తిరిగి వచ్చిన వారంలో నేను మా మద్రసాలోని చిన్న తరగతి పిల్లలను సముద్రం గురించి అడిగాను. ఒక్కరూ చూడలేదు, అది సహజమే. బహదూర్‌పురా జూపార్కును ఎంతమంది చూశారని అడిగాను. 1963 నుంచి మన గుమ్మం ముందే ఉన్న ఆ పార్కును ఇరవై ఆరు మందిలో పదకొండు మంది చూడలేదు. మరుసటి గురువారం పాఠం ఆపి, ఖిచిడీ డబ్బాలు కట్టించి, అందరినీ వెంటబెట్టుకుని వెళ్లాను. మీర్ ఆలం చెరువు కట్టకున్న ఇరవై ఒక్క కమానులను వారు ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. నేనూ వారితో పాటు మొదటిసారి లెక్కపెట్టాను.